కుట్టిన తేనెటీగ చచ్చిపోతుందా?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుంచి మాట్లాడినవారు కరువు భత్యం బకాయిల గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంటు బిల్లుల గురించి, లైఫ్ సర్టిఫికెట్టు గురించి చెప్పారు. అవన్నీ నాకంటే బాగా తెలిసినవారే చెప్పారు. నేను సర్వీసులో సగభాగం ఇన్‌వర్డు, డిస్పాచి బల్లల దగ్గరే గడిపినవాణ్ణి. వచ్చిన కాగితానికి నెంబరు వేయడం, పోయే కాగితానికి స్టాంపు అంటించడం నా విద్య. కార్యదర్శిగారు ఫోను చేసి "పనికివచ్చే సంగతి ఏదైనా ఇరవై నిమిషాలు చెప్పండి" అన్నారు. తేనెటీగల గురించి చెబుతానంటే ఆయనకు నవ్వు ఆగలేదు. నవ్వినందుకు నాకేమీ బాధ లేదు గాని, మా ఇంట్లో ఇది ప్రాణం మీదికి వచ్చిన విషయం. అందుకే చెబుతున్నాను.

ముందుగా ఒక ప్రశ్న. కుట్టిన తేనెటీగ చచ్చిపోతుందని మీలో ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. (సభలో దాదాపు అందరూ చేతులెత్తారు.) చూశారా, నేనూ చిన్నప్పటి నుంచి అదే విన్నాను. అడిగినవారికల్లా అదే చెప్పాను. ఫైలు తెరవకుండా "అవును, సమర్పించడమైనది" అని నోటు రాసే గుమాస్తాలు కొందరుంటారు. ఈ విషయంలో నేను అలాంటి గుమాస్తానే.

2017 ఏప్రిల్ నెల. సాయంత్రం అయిదున్నర అయి ఉంటుంది. మా పెరట్లో సన్నజాజి పందిరి ఉంది. మా ఆవిడ మొగ్గలు కోస్తోంది. నేను వరండాలో పడక కుర్చీలో పేపరు చదువుతున్నాను. "అబ్బా, ఏదో కుట్టిందండీ" అంది. నేను పేపరు దించకుండానే "కుట్టింది కదా, ఇక అది చచ్చినట్టే. కాస్త సున్నం రాసుకుని కోసుకో" అన్నాను. ఆ మాట మీద నమ్మకంతో ఆమె సున్నం రాసుకుని మళ్ళీ అదే కొమ్మలో చెయ్యి పెట్టింది. మళ్ళీ రెండు చోట్ల కుట్టింది. పందిరికి వేసిన ఇనుప గొట్టం కింద కందిరీగల గూడు ఉందన్న సంగతి తరువాత టార్చిలైటు వేసి చూస్తే గాని తెలియలేదు.

పది నిమిషాలు కాలేదు. ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. పెదవులు వాచాయి. గొంతు బొంగురుపోయింది. "ఏమండీ, ఊపిరి ఆడట్లేదు" అని మెట్టు మీద కూలబడింది. నిజం చెప్పవద్దూ, నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పక్కింటి కుర్రవాడు ఆటో తెచ్చి ఇద్దరినీ ఎక్కించాడు. ఆస్పత్రిలో డాక్టరుగారు చూడగానే తొడకు అడ్రినలిన్ ఇంజెక్షను ఇచ్చారు, సెలైను ఎక్కించారు. కొద్ది నిమిషాలైనా బి.పి. పెరగకపోయేసరికి మళ్ళీ ఇంకొకటి ఇచ్చారు. అప్పుడు అడిగారు, "ఈవిడ ఏ మాత్రలు వాడుతున్నారు?" అని. బి.పి.కి అటెనోలాల్ వాడుతోందని చెప్పాను. ఆయన తల ఆడించారు. అది ఎందుకు అడిగారో తరువాత చెబుతాను. మనందరికీ సంబంధించిన సంగతి.

ఇంకొక ప్రశ్న కూడా వేశారు. "తేనెటీగా, కందిరీగా?" నేను చెప్పలేకపోయాను. ఆయన చెయ్యి పరీక్షగా చూసి "ముల్లు లేదు, కందిరీగే అయి ఉంటుంది. అది చావదు, ఎన్నిసార్లయినా కుడుతుంది" అన్నారు. అరవై ఏళ్ళుగా నేను పదిమందికీ చెబుతూ వచ్చిన మాట అక్కడ, క్యాజువాలిటీ గదిలో, తప్పని తేలింది.

మా ఆవిడ మూడో రోజు ఇంటికి వచ్చింది. ఇప్పుడు రెండో వరుసలో కూర్చుని, నేను ఎంతవరకు చెబుతానా అని చూస్తోంది. ఆ వారం నుంచి నేను లైబ్రరీలోను, మనవడి కంప్యూటరులోను ఈ సంగతి చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ, 1978లో నేను కళ్ళారా చూసిన ఒక సంఘటన కూడా అర్థం కావడం మొదలైంది.

ముందు అసలు ప్రశ్న సంగతి. కుట్టిన తేనెటీగ చచ్చిపోతుందా అంటే, తేనెటీగ అయితే, అందులోనూ కూలిపని చేసే ఆడ తేనెటీగ అయితే, అదీ మనిషి వంటి సాగే చర్మం ఉన్న ప్రాణిని కుడితే, సాధారణంగా చచ్చిపోతుంది. ఇన్ని షరతులున్నాయి. మన జి.వో.లలో చివర "ఈ క్రింది వారికి వర్తించదు" అని ఉంటుందే, అలాగ.

తేనెటీగ ముల్లు మనం అనుకునే సూది లాంటిది కాదు. రెండు సన్నని రంపపు బద్దలు ఒకదాని పక్కన ఒకటి జారుతూ ఉంటాయి. వాటి పళ్ళు వెనక్కి వంగి ఉంటాయి, గాలానికి ఉన్నట్టు. ఒక బద్ద దిగి పట్టుకుంటుంది, రెండోది ఇంకాస్త దిగుతుంది. మన చర్మం సాగుతుంది కనుక ఆ పళ్ళు చిక్కుకుపోతాయి. ఈగ లేచి ఎగరబోతే ముల్లూ, విషపు తిత్తీ, వాటిని ఆడించే కండరాలూ, నరాల ముడీ అన్నీ దాని కడుపు నుంచి తెగి మన చర్మంలో ఉండిపోతాయి. ఆ గాయంతో ఈగ చనిపోతుంది. వెంటనే పడిపోవాలని లేదు, గంటల తరబడి తిరుగుతూ ఉన్నా ఉండవచ్చు. అదే ఈగ ఇంకొక పురుగును కుడితే మాత్రం ముల్లు మామూలుగా వెనక్కి తీసుకోగలదు, దానికేమీ కాదు.

రాణి ఈగ ముల్లుకు పళ్ళు బాగా తక్కువ. అది ఆ ముల్లును మనుషుల మీద వాడడం అరుదు. పోటీకి వచ్చిన మరో రాణిని చంపడానికి వాడుతుంది, వాడి బతికే ఉంటుంది. ఇక మగ ఈగలకు ముల్లే లేదు. ఎందుకంటే గుడ్లు పెట్టే అవయవమే కాలక్రమంలో ముల్లుగా మారింది. కాబట్టి కుట్టేదేదైనా ఆడదే. (ఇక్కడ మా ఆవిడ వైపు చూడవద్దని మనవి.)

కందిరీగలు, పూలచుట్టూ తిరిగే నల్ల తుమ్మెదలు, కుట్టే చీమలు మామూలుగా కుట్టి చావవు. కందిరీగ ముల్లు అంతగా చిక్కుకోదు. తీసి మళ్ళీ కుడుతుంది. అమెరికా ఖండాలలో కొన్ని రకాల కందిరీగలు, గింజలు పోగుచేసే కొన్ని చీమలు మాత్రం తేనెటీగల్లాగే ముల్లు వదిలేస్తాయట. మన పెరటి కందిరీగకు ఆ అలవాటు లేదు.

ఇంత చిన్న ప్రాణి తన ప్రాణం ఎందుకు పోగొట్టుకుంటుందని నాకూ అనిపించింది. 1859లో అచ్చయిన తన పుస్తకంలో డార్విన్ మహాశయుడు కూడా ఈ ప్రశ్నను పట్టించుకున్నాడు. తనను తానే చంపుకునే ఆయుధం ఒక ప్రాణికి ఎలా ఏర్పడిందని. కూలి ఈగ సాధారణంగా పిల్లల్ని కనదు. దాని వంశమంతా పట్టులో ఉన్న రాణి ద్వారానే నిలవాలి. ఒక్క ఈగ పోయినా పట్టు నిలిస్తే చాలు. పైగా తెగిన ముల్లు శత్రువు ఒంట్లో ఉండి పనిచేస్తూ ఉంటుంది కనుక పట్టుకు లాభమే.

మనవంటి వారికి నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. పట్టులో చిన్న వయసు ఈగలు లోపలి పనులు చేస్తాయి. గదులు శుభ్రం చేయడం, పిల్లపురుగులకు మేత పెట్టడం వాటి పని. వయసు మళ్ళిన కొద్దీ కాపలా, ఆ తరువాత బయటికి వెళ్ళి తేనె తేవడం వాటి మీద పడతాయి. పని ముమ్మరంగా ఉండే కాలంలో కూలి ఈగ ఆయుష్షు సుమారు ఆరు వారాలు. అంటే బయట ప్రమాదంలో తిరిగేవి, కుట్టి చచ్చేవి చాలావరకు సీనియర్లే. ఆ శాఖలో పదవీ విరమణ లేదు, పెన్షనూ లేదు.

ఇప్పుడు 1978 సంగతి. నల్లమల అంచున ఒక తాలూకా కచేరీలో నేను జూనియర్ గుమాస్తాని. ఆవరణలో పెద్ద మర్రిచెట్టు. దాని పైకొమ్మకు ఒక మనిషి వెడల్పున కొండ తేనెటీగల పట్టు వేలాడుతూ ఉండేది. ఆ రకం ఈగలు పెట్టెలో పెంచేవి కావు. ఆరుబయట ఒకే ఒక్క పెద్ద పట్టు పెడతాయి, వేల మీద వేలు ఈగలుంటాయి, కాలం మారగానే పట్టు వదిలి వలస పోతాయి. చెట్టు కింద అర్జీలు రాసే పెద్దాయన ఒకాయన బల్ల వేసుకుని కూర్చునేవారు. "పైన పట్టు ఉంది కదా, భయం లేదా?" అని ఎవరో అంటే, "కుడితే అదే చస్తుంది. ప్రాణం మీద తీపి దానికి మాత్రం ఉండదా, ఊరికే కుట్టదు" అన్నాను నేను. ఆ మాట కూడా నాదేనని ఒప్పుకోవాలి.

ఒకనాడు బడి పిల్లవాడెవడో రాయి విసిరాడు. ఒక్క ఈగ కుట్టింది. రెండు నిమిషాల్లో ఆవరణ నల్లబడింది. అప్పుడు ఎవరికీ తెలియదు గాని, ముల్లుతో పాటు ఒక వాసన కూడా వెలువడుతుంది. పండిన అరటిపండు వాసనను పోలి ఉంటుందట. మన ముక్కుకు తెలియకపోవచ్చు. మిగతా ఈగలకు మాత్రం అది తాఖీదు. "శత్రువు ఇక్కడ ఉన్నాడు, ఇక్కడే కుట్టండి" అని. అందుకని ఒక ఈగ చచ్చిందంటే ప్రమాదం తీరినట్టు కాదు, మిగతావాటికి కబురు అందినట్టు.

అర్జీల పెద్దాయన కదలలేని మనిషి. ఎవరో దుప్పటి కప్పి లోపలికి లాక్కొచ్చారు. ముఖం, మెడ, చేతుల మీద ముళ్ళు ముళ్ళుగా ఉన్నాయి. అప్పుడు మా కచేరీలో జరిగిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. గోటితో లాగితే విషం లోపలికి దిగుతుందని ఒకరు, చాకు అంచుతో గీకాలని ఒకరు, పట్టుకారు కోసం దవాఖానాకు మనిషిని పంపాలని సూపరింటెండెంటుగారు. ఆయన చెడ్డవారు కాదు, పద్ధతి ప్రకారం పోయే మనిషి. ఫైలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పోయినట్టు ఆ మాట అలా తిరుగుతూనే ఉంది. ఇంతలో భూమి పట్టా కోసం వచ్చి వరండాలో కూర్చున్న చెంచు ముసలాయన ఒకాయన లేచి వచ్చాడు. "ఏంది సారూ, చూస్తా నిలబడితే ఎట్ల? పెరికెయ్యండి" అని రెండు చేతుల గోళ్ళతో చకచకా ముళ్ళు పెరికేశాడు. కొన్ని గోటితో గీకాడు, కొన్ని గిల్లి తీశాడు. ఎలా అని ఆలోచించలేదు.

నల్లమలలో చెంచులు కొండచరియల నుంచి తాళ్ళ మీద దిగి, పొగ పెట్టి తేనె తీసే మనుషులు. ఆ పొగ ఎందుకో కూడా ఇప్పుడు తెలిసింది. హెచ్చరిక వాసనను పొగ కప్పేస్తుంది. అలా తెచ్చిన తేనెనే 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొని మనకు సీసాల్లో అమ్ముతోంది. మనం కొనుక్కునే సీసా వెనుక ఎన్ని ముళ్ళున్నాయో.

ఆ ముసలాయన చేసిందే సరైన పని అని రుజువు కావడానికి 1996 దాకా పట్టింది. ఆ ఏడాది లాన్సెట్ అనే వైద్య పత్రికలో ముగ్గురు అమెరికా పరిశోధకుల వ్యాసం అచ్చయింది. గిల్లి తీస్తే ఎంత వాపు వస్తుంది, గీకి తీస్తే ఎంత వస్తుంది అని స్వయంగా కుట్టించుకుని కొలిచి చూశారు. గిల్లినా గీకినా తేడా ఏమీ లేదు. ఎంత త్వరగా తీశారన్నదే లెక్క. కొన్ని సెకన్లు ఆలస్యమైతే చాలు, వాపు పెరిగింది. తెగిపోయిన ముల్లులో కండరం ఇంకా కొట్టుకుంటూ, తిత్తిలోని విషాన్ని లోపలికి తోస్తూనే ఉంటుంది. ఒక నిమిషం లోపే దాదాపు అంతా ఎక్కిపోతుంది. ఈగ చచ్చినా ముల్లు చావలేదన్నమాట. నేను తెలుసుకున్నవాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది ఇదే.

కొందరి ఉత్సాహం చూడండి. అమెరికాలో ఒక పరిశోధక విద్యార్థి ఒంటి మీద ఇరవై అయిదు చోట్ల తేనెటీగలతో కుట్టించుకుని ఎక్కడ ఎంత నొప్పో మార్కులు వేసి 2014లో అచ్చు వేయించాడు. అన్నిటిలోకి ముక్కుపుటం మొదటి ర్యాంకు. మన పిల్లలు పీహెచ్‌డీ కష్టమంటే ఈ కథ చెప్పండి.

అర్జీల పెద్దాయన బతికారు. రెండు వారాలు ఆస్పత్రిలో ఉన్నారు. ముందు వాపు తగ్గింది, తరువాత మూత్రం సరిగా రాక అవస్థ పడ్డారు. అప్పుడు అది వేరే జబ్బు అనుకున్నాం. ఎక్కువ ఈగలు కుట్టినప్పుడు ఆ విషం కండరాలనూ రక్తకణాలనూ దెబ్బతీసి మూత్రపిండాల మీదికి వస్తుందని ఇప్పుడు చదివాను. అందుచేత పదుల సంఖ్యలో కుడితే, మనిషి బాగానే ఉన్నట్టు కనిపించినా ఆస్పత్రిలో చూపించి కొంతకాలం కనిపెట్టి ఉండాలి. పెద్ద వయసువారికి, పసిపిల్లలకు మరీ ముఖ్యం. ఆయన కొలువు మళ్ళీ చెట్టు కిందికి రాలేదు. వరండాలో బల్ల వేసుకోనిచ్చారు.

ఇక మా ఆవిడ విషయంలో డాక్టరుగారు ఎందుకు తల ఆడించారో చెబుతాను. కొందరి ఒంటికి ఈ విషం అసలు పడదు. ముందొకసారి కుట్టినప్పుడు ఒళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుని, మళ్ళీ కుట్టినప్పుడు ఒక్కసారిగా తిరగబడుతుంది. అలాంటివారికి ఒక్క ఈగ చాలు. ఆ ముందు ఏడాది కందిరీగ కుట్టినప్పుడు మా ఆవిడకు చెయ్యి మోచేతి పైదాకా వాచింది. "నీ ఒళ్ళు సుకుమారం" అని నవ్వాను. ఒళ్ళంతా దద్దుర్లు, పెదవుల వాపు, గొంతు పట్టేయడం, ఆయాసం, కళ్ళు తిరగడం, వాంతులు, ఇవి కనిపిస్తే సున్నం, ఉల్లిపాయ, ఇనుపముక్క రుద్దుతూ కూర్చోవద్దు. మనిషిని పడుకోబెట్టి, ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టి, 108కి ఫోను చేయండి. దానికి మందు అడ్రినలిన్. మిగతావన్నీ ఆ తరువాతే.

అటెనోలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు బి.పి.కి, గుండెకు మనలో చాలామంది వాడుతున్నాం. అవి వాడేవారికి అడ్రినలిన్ ఒక్కోసారి తగినంతగా పట్టదు. అప్పుడు డాక్టరు వేరే మందు గాని, ఇంకో మోతాదు గాని ఆలోచించవలసి ఉంటుంది. ఇది విని ఇంటికి వెళ్ళి మాత్రలు మానేస్తారేమో, ఆ పని మాత్రం చేయకండి. అది ఇంకా ప్రమాదం. వాడే మాత్రల పేర్లు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. పెన్షను పాసుపుస్తకం పెట్టుకునే కవరులోనే పెట్టుకోండి, అది మనం ఎక్కడా మరచిపోము కదా. ఒకసారి ఒళ్ళు తిరగబడినవారు తరువాత మంచిగా ఉన్నప్పుడే డాక్టరును కలిసి, ముందు జాగ్రత్త ఏమిటో అడగాలి. మా ఆవిడను నేను తీసుకువెళ్ళాను, ఆయన ఆమె బి.పి. మాత్ర మార్చారు.

పట్టు లేచిందంటే చేతులు ఊపుతూ నిలబడవద్దు. ముఖం కప్పుకుని, తలుపు ఉన్న గది ఏది దగ్గరుంటే దానిలోకి పోవాలి. చెరువులో దూకితే లాభం లేదు, తల పైకెత్తేదాకా అవి పైనే తిరుగుతుంటాయి. ముళ్ళు తీసుకోవడం కోసం దారిలో ఆగకూడదు. లోపలికి వెళ్ళాక వెంటనే, గోటితోనైనా సరే, తీసేయాలి. సబ్బు నీళ్ళతో కడిగి చల్లని గుడ్డ వేయాలి. ముల్లు ఉందా లేదా చూస్తే కుట్టింది ఏదో కూడా సాధారణంగా తెలుస్తుంది. ముల్లు లేకపోతే కుట్టింది ఇంకా అక్కడే ఉండవచ్చు. మళ్ళీ అదే కొమ్మలో చెయ్యి పెట్టకండి.

మా సన్నజాజి పందిరి కొట్టించేస్తానన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. గూడు మాత్రం తీయించాం. మొగ్గలు ఇప్పుడు నేను కోస్తున్నాను. కోసేముందు గొట్టం కింద తొంగి చూస్తాను. పేపరు ఆ తరువాతే.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ఒక్క ప్రకటన చేసి ముగిస్తాను. ఉదయం ఈ హాలు వెనక, చేతులు కడుక్కునే కుళాయిల పైన, సన్‌షేడు కింద కందిరీగల గూడు ఒకటి చూశాను. వాచ్‌మన్‌కు చెప్పాను, రాత్రికి మనిషిని పిలిపించి తీయిస్తానన్నాడు. భోజనాలకు లేచినప్పుడు దయచేసి అటు వెళ్ళవద్దు. ముందు వైపు డ్రమ్ములో నీళ్ళు పెట్టించాం.